నీళ్ళ ఆఫీసు పాట

ఆవిడ మాండలిన్ ఒళ్ళో పెట్టుకుని ఆ పాటలో మొదటి నాలుగు స్వరాలు మీటిందంటే చాలు, వింటున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి వెళ్ళి కుళాయి తిప్పి చూసేవారు. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. ఆవిడ దగ్గర పాఠం చెప్పించుకునే పిల్లల తల్లులే ఆ పని చేయడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ పాటకీ నీళ్ళు రాకపోవడానికీ ఆ ఊళ్ళో అంతటి చుట్టరికం కుదిరిపోయింది.

సంగతేమిటంటే, నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేస్తే వెంటనే ఎవరూ ఎత్తరు. "దయచేసి లైన్‌లో ఉండండి" అని ఒక గొంతు చెబుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు ఎత్తేదాకా మాండలిన్ మీద ఒక పాత సినిమా పాట మోగుతూనే ఉంటుంది. ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని, ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి విన్న ఆ మాండలిన్ ఈవిడదే. అందుకని ఆవిడకి "లైన్‌లో ఉండండి టీచరు" అని పేరు పడింది. పిలవడానికి మరీ పొడుగైపోయిందని కొన్నాళ్ళకి దాన్ని లైన్ టీచరు చేశారు. ఆవిడ కూడా నవ్వి ఊరుకునేది. నవ్వకపోతే ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుంటుందని ఆవిడకి తెలుసు.

నిజానికి ఆ ఫోన్‌లో మొదట మోగింది మాండలిన్ ఒక్కటే కాదు, అక్క గొంతు కూడా. అక్కంటే సొంత అక్క. ఊళ్ళో ఏ సభ జరిగినా ఆవిడ పాడాల్సిందే, పక్కన చెల్లెలు వాయించాల్సిందే. అక్క పాడుతుంటే జనం చెవి కోసుకునేవారు. చెల్లెలు పక్కన ఉన్న సంగతి, మైకు చెడిపోయినప్పుడు "కాస్త ఆ తీగ సరిచెయ్యమ్మా" అని అడగాల్సి వస్తే తప్ప ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. ఫోన్‌లో పెట్టడానికి పాట కావాలని నీళ్ళ ఆఫీసరు వచ్చినప్పుడు కూడా నేరుగా అక్క దగ్గరికే వచ్చాడు.

"మాది నీళ్ళ ఆఫీసు కదండీ. ఏటి పాట ఏదైనా ఉంటే బావుంటుంది" అన్నాడు.

ఏటి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డుని పిలిచే పాట ఒకటుంది. ఆ సినిమా వారం తిరక్కుండానే ఎత్తేశారు గానీ పాట మాత్రం కొన్నాళ్ళు రేడియోలో వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ రేడియోకి చెవులప్పగించి నేర్చుకున్న పాట. అక్క పాడింది, చెల్లెలు వాయించింది, ఆఫీసరు సంబరంగా పట్టుకెళ్ళాడు. వారం తిరక్కుండానే మొహం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏం చెప్పమంటారండీ! ఫోన్‌లో ఆడగొంతు వినపడగానే ఎవరో ఎత్తారనుకుని జనం హలో హలో అని అరుస్తున్నారు. నిన్న ఒక పెద్దాయన నా గదిలోకే వచ్చి కూర్చున్నాడు. 'ఆ అమ్మాయిని పాట తర్వాత పాడుకోమనండి బాబూ, ముందు నీళ్ళు వదలమనండి' అంటాడు."

బావగారు, అంటే అక్క మొగుడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క మూతి ముడుచుకుంది. గొంతు తీసేసి ఉత్త మాండలిన్ పెడతామన్నాడు ఆఫీసరు. "నా గొంతు పనికిరాలేదు గానీ దీని టింగుటింగులు పనికొచ్చాయా?" అని అక్క చాలా రోజులు ఎత్తిపొడిచింది. ఆ పాటని మాత్రం మళ్ళీ ఏ సభలోనూ పాడలేదు.

మళ్ళీ రికార్డు చేయడానికి వచ్చిన కుర్రాడు యంత్రాల పని తెలిసినవాడు. మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. లావువి గంభీరంగా పలుకుతాయి, సన్నవి గలగలమంటాయి. "లావు తీగలు ఫోన్‌లో పలకవండీ, గరగరమంటాయంతే. మొత్తం సన్న తీగల మీదే కానిచ్చెయ్యండి" అన్నాడతను. ఆవిడ అలాగే కానిచ్చింది. కానీ ఆ పాట చరణం సగంలోకి వచ్చాక కిందికి దిగుతుంది, పిలిచి పిలిచి అలిసిన మనిషి గొంతు తగ్గించినట్టు. అసలు పాటలో ఉన్నట్టు వాయించాలంటే అక్కడ లావు తీగలు తప్పవు. కుర్రాడు కాసేపు బుర్ర గోక్కుని, సరిగ్గా ఆ దిగేచోట పాటని కోసేసి, కొసని తెచ్చి పల్లవి మొదటికి అతికించేశాడు. అతుకు కనబడనంత నున్నగా అతికించాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

అంతే, ఆ ఊరికి అదే పాటయి కూర్చుంది. సినిమాని ఎప్పుడో మరిచిపోయారు. రేడియోలో రావడం మానేసింది. మిగిలింది నీళ్ళ ఆఫీసు పాటొక్కటే. మంగలి కత్తెర ఆడిస్తూ కూనిరాగం తీసినా, కండక్టరు చిల్లర ఏరుతూ ఈల వేసినా, చరణం సగందాకా వచ్చి ఠక్కున పల్లవికి తిరిగిపోయేవారు. ఆ పాటకి ముగింపనేదే లేదని పిల్లలు నిజంగా నమ్మారు. మొదట్లో ఒకటి రెండు చోట్ల ఆవిడ పాట మొత్తం వాయించబోయింది. అతుకు దాటగానే ముందువరస వాళ్ళు, పాపం తడబడింది అన్నట్టు జాలిగా చూశారు. ఆ జాలి భరించడం కన్నా వెనక్కి తిరగడమే తేలికనిపించింది. అప్పట్నుంచీ జనం ఎక్కడ తిరిగితే ఆవిడా అక్కడే తిరిగేది.

టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో ఆవిడ పాఠాలు చెప్పేది. పొద్దంతా కింద గాలి కొట్టే యంత్రం రొద, పైన పిల్లల వేళ్ళ కింద తీగల కీచులు. తెలిసిన పాటని మాటలు లేకుండా వాయించడంలో ఒక చిక్కుంది. అది ఆవిడకి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. వినేవాడికి మాటలు ముందే వచ్చు కాబట్టి, తీగ మోగగానే వాడి బుర్రలో అసలు పాడినవాళ్ళ గొంతు లేస్తుంది. వాడు వినేది ఆ గొంతునే. వాయించేవాళ్ళది బట్టలారేసే తాడు పాటి పాత్ర. ఇక ఫోన్‌లో వినేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాట ఎప్పుడాగుతుందా, మనిషి ఎప్పుడు పలుకుతాడా అని వాళ్ళ ఎదురుచూపు. ఆగిపోతే సంతోషించే పాట లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది. ఇదంతా ఆవిడ ఎవరితోనూ అనలేదు. అంటే "ఊరంతా వింటున్నారుగా, ఇంకేం కావాలి నీకు?" అంటారు.

ఇలా ఉండగా ఒక ఏడు అక్క గొంతులో ఏదో కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికేం భయం లేదన్నారు గానీ గొంతు పోయింది. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక గుసగుస మిగిలిందంతే. ఇంట్లో అందరినీ కేకలతో ఆడించిన మనిషి, ఇప్పుడు పక్కగదిలో ఉన్నవాళ్ళని పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టాల్సి వచ్చేది. చెల్లెలు ఆ చప్పుడు విన్నప్పుడల్లా అక్క ఇంటి మేడమీది తన వాటాలో కూర్చుని ఏడ్చింది. అక్క ఎదట మాత్రం ఏడవలేదు.

లైబ్రరీ హాల్లో ఏటేటా జరిగే పాటల సాయంత్రం దగ్గరపడింది. హాలు కార్యదర్శి అక్కని పలకరించడానికని ఇంటికి వచ్చి, చాలాసేపు కుర్చీ అంచున కూర్చుని అసలు మాట బయటపెట్టాడు.

"ఈసారికి వేరే ఊరి నుంచి ఎవరైనా పాడే అమ్మాయిని పిలుద్దామనుకుంటున్నాం. టీచరుగారు ఎలాగూ పక్కన వాయిస్తారు కదా..."

"నేనొక్కదాన్నే వాయిస్తాను" అంది ఆవిడ. అన్నాక గానీ అన్నది తనేనని ఆవిడకి తెలియలేదు.

"ఒక్కరేనా? మరి పాటెవరండీ?" అన్నాడు కార్యదర్శి అమాయకంగా.

అక్క చెల్లెలి వంక వింతగా చూసింది. గుసగుసగా అంది, "మాట లేకుండా ఎవరు వింటారే పిల్లా? ఏదో నా పక్కన కూర్చున్నావు కాబట్టి చెల్లింది గానీ." ఏభై దాటిన చెల్లెలు అక్కకి ఇంకా పిల్లే.

"వింటార్లేవే" అన్నాడు బావగారు. "ఫోనైతే పెట్టేసి పోవచ్చు. హాల్లో తలుపులేసేస్తే ఎక్కడికి పోతారు?"

ఆ పరిహాసానికి టీచరు నవ్వలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, జనం తనని వినాలి. అక్కని కాదు, సినిమాలో పాడినావిడని కాదు, తనని. అది ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ కాదు. వేరే ఊరి అమ్మాయి వస్తుంది, తను మళ్ళీ పక్కకి జరుగుతుంది. కార్యదర్శి ససేమిరా అనలేక, సరేనని లేచాడు.

చివరగా ఏం వాయించాలో ఆవిడ అప్పుడే నిశ్చయించుకుంది. ఆ ఏటి పాటే. మొత్తం, చివరిదాకా.

మర్నాడు పాఠాలయ్యాక గది తలుపు వేసుకుని మొదలుపెట్టింది. పల్లవి అయింది. చరణం ఎత్తుకుంది. సగందాకా వచ్చింది. చెయ్యి దానంతటది పల్లవికి తిరిగిపోయింది. నాలిక్కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడికి రాగానే వేళ్ళు చక్కగా వెనక్కి నడిచాయి. ఎన్నిసార్లు వాయించినా అంతే. కింద టైర్ల కొట్టులో గాలి కొట్టేవాడు ఆ పాటే ఈల వేస్తూ, సరిగ్గా ఆవిడతో పాటే వెనక్కి తిరుగుతున్నాడు. అప్పుడు ఆవిడకి తెలిసింది. అవతల ఏముందో వేళ్ళకి గుర్తులేదు. ఊరు మరిచిపోయిందని ఇన్నాళ్ళూ ఊరి మీద అలిగింది, తీరా చూస్తే తనే మరిచిపోయింది.

మాండలిన్ పట్టుకుని ఇంటికొచ్చి అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క వంటగదిలో బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"అక్కా, ఏటి పాటలో ఆ తర్వాత ఏమిటి?"

"ఏ తర్వాత?"

"ఫోన్లో ఆగిపోయే చోటు తర్వాత."

అక్క చెయ్యి ఆగింది. పాడబోయి నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ గొంతు రాలేదు. తెరిచిన నోరు మూసుకుని, కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూసింది. చెల్లెలికి, ఎందుకడిగానురా దేవుడా అనిపించింది. లేచి వెళ్ళిపోదామనుకునేలోపు, అక్క ఒక బఠాణీ కాయతో బల్ల మీద తాళం వేస్తూ, మాటలు ఒక్కొక్కటే గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ సాగదీయాలో అక్కడ కాయని బల్ల మీద పొడుగ్గా ఈడ్చింది. ఎక్కడ విరవాలో అక్కడ టక్కున కొట్టింది. ఆ మాటల నడక పట్టుకుని చెల్లెలు తీగల మీద వెతుక్కుంటూ వెళ్ళింది. తప్పు పోతే అక్క తల అడ్డంగా ఊపేది. చీకటి పడేసరికి చరణం చివరిదాకా దారి దొరికింది. బఠాణీలు సగం నేల మీద ఉన్నాయి.

"అంతే" అంది అక్క, కళ్ళు మెరుస్తుండగా. "అదే. అచ్చం నేను పాడినట్టే ఉంది."

అచ్చం అలాగే ఉంది. అదే చిక్కు. రేడియోలో ఆ చివరి లైన్లు కింది స్థాయిలో వచ్చేవి. అక్క గొంతు అంత కిందికి అందేది కాదు. అందుకని అక్క వాటిని పైకి లాగి పాడేసేది. అక్క పైన పాడుతుంటే చెల్లెలు కింద వాయిస్తే, ఎవరికి అందలేదో సభకి తెలిసిపోతుంది. అందుకని అక్క పక్కన చెల్లెలు కూడా ఏనాడూ కిందికి దిగలేదు. సగం జీవితం అక్క కోసం, సగం ఫోను కోసం, సన్న తీగల మీదే గడిచిపోయింది.

"రేడియోలో ఇది కింద ఉండేది కదక్కా" అంది మెల్లిగా.

"రేడియోలో ఎవరెలా పాడితే మనకేంటి? ఈ ఊళ్ళో నేను పాడిందే పాట" అని అక్క మళ్ళీ బఠాణీలు ముందుకి లాక్కుంది. "పైనే వాయించు. నాకలాగే వినాలని ఉంది."

చెల్లెలు వంగి నేల మీది బఠాణీలు ఏరింది. ఊ అని మాత్రం అనలేదు.

పాటల సాయంత్రానికి హాలు నిండింది. మరీ అంత నిండుతుందని కార్యదర్శే అనుకోలేదు. కొందరు అక్క ఎలా ఉందో చూసిపోదామని వచ్చారు, కొందరు ఆనవాయితీగా వచ్చారు. అక్క మెడకి స్కార్ఫు చుట్టుకుని ముందువరసలో, బావగారి పక్కన కూర్చుంది. టీచరు ఒక్కతే వేదిక మీదికి వచ్చి కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ ఎవరో అలవాటు కొద్దీ వేసి ఉంచారు. దాన్ని తీయించమని అడగబోయి ఊరుకుంది.

మొదటి పాటలు సాఫీగానే జరిగాయి. అందరికీ తెలిసిన పాటలు. జనం సన్నగా కూనిరాగాలు తీస్తూ, పక్కవాళ్ళతో "ఇది ఫలానా పాట కదూ" అని గుర్తుపట్టుకుంటూ, హాయిగా కూర్చున్నారు. అక్క పెదాలు ప్రతి పాటకీ కదులుతూనే ఉన్నాయి. వేదిక మీద నుంచి ఆవిడకి అది స్పష్టంగా కనబడుతోంది. వాళ్ళు వింటున్నది నన్ను కాదు, అనుకుంది. బాధగానే అనుకుంది గానీ, చెయ్యి ఆపలేదు.

ఆఖరి పాట ఎత్తుకుంది. నాలుగు స్వరాలు పడ్డాయో లేదో హాలంతా ఘొల్లుమంది. వెనకనుంచి ఎవరో "దయచేసి లైన్‌లో ఉండండి!" అని అరిచారు. ఇంకెవరో "రేపు నీళ్ళొస్తాయా మేడమ్?" అన్నారు. నీళ్ళ ఆఫీసరు పదవి దిగి చాలా కాలమైనా, తనకే చివాట్లు పడ్డట్టు తలొంచుకున్నాడు. టీచరు కూడా నవ్వింది. నవ్వుతూనే వాయించింది. జనం తోడందుకున్నారు. చూస్తుండగానే హాలు మొత్తం కూనిరాగమయింది. ఎంత బాగా వచ్చో వాళ్ళకి! ప్రతి వంపూ, ప్రతి విరుపూ తను రికార్డు చేసిన రోజు ఎలా వాయించిందో అలాగే. ఒక్క క్షణం ఆవిడకి వాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ ఒక్కసారికి వాళ్ళతో పాటే తిరిగిపోదాం, పోయేదేముంది, అనిపించింది కూడా.

చరణం సగానికి వచ్చింది.

హాలు వెనక్కి తిరిగింది. అంతమందీ ఒక్క గొంతుతో పల్లవి ఎత్తుకున్నారు. ఆవిడ తిరగలేదు. పంటి బిగువున చేతిని ముందుకే నడిపింది. ఒక పక్క వాళ్ళ పల్లవి, ఒక పక్క ఈవిడ చరణం, రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుని హాలు గందరగోళమైపోయింది. పిల్లలు నవ్వారు. ముందువరసలో ఒకావిడ, పాపం తడబడింది అన్నట్టు, పాతజాలితోనే చూసింది. ఆ చూపు టీచరుకి బాగా తెలుసు. ఆ చూపుకి జడిసే ఇన్నాళ్ళూ వెనక్కి తిరిగింది. ఈసారి తల వంచి, లావు తీగల మీదికి దిగింది.

ఫోన్‌లో ఏనాడూ వినబడని శబ్దమది. లోతుగా, నిమ్మళంగా, కొంచెం గరుగ్గా ఉంది. మీటిన స్వరం చచ్చిపోకుండా తీగని వణికిస్తూ నిలబెడుతుంటే, ఆ వణుకు వేదిక చెక్కల్లోంచి ముందు కుర్చీల దాకా పాకింది. పల్లవి పాడుతున్నవాళ్ళు ఒకరొకరే ఆగారు. మొదట ముందువాళ్ళు, తర్వాత మధ్యవాళ్ళు, ఆఖరికి వెనక "లైన్‌లో ఉండండి" అని అరిచినవాడు కూడా. వాళ్ళకి ఇక్కడ మాటలు తెలియవు, రాగం తెలియదు, తర్వాత ఏమొస్తుందో తెలియదు. బుర్రలో లేవడానికి వేరే గొంతేదీ లేదు. కాబట్టి, వేరే దారి లేక, విన్నారు.

ఆవిడ తలెత్తి ముందువరస వైపు చూసింది. అక్క పెదాలు ఇంకా కదులుతున్నాయి. కింది స్థాయిలో ఒక లైను అయింది. రెండోది మొదలైంది. అక్క పెదాలు ఆగిపోయాయి. స్కార్ఫు మీద చెయ్యి వేసుకుని, చెల్లెల్ని కొత్తమనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయింది.

పాట అయ్యాక చప్పట్లకి కాస్త ఆలస్యమయింది. అయిపోయిందో లేదో ఎవరికీ తెలియలేదు మరి, ఆ పాట అయిపోవడం వాళ్ళెప్పుడూ వినలేదు. ఆవిడ మాండలిన్ ఒళ్ళోంచి దించాక గానీ హాలు మోగలేదు.

వేదిక పక్క గదిలో ఆవిడ మాండలిన్ పెట్టెలో పెడుతుండగా అక్క వచ్చింది. బావగారు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆయనకి ఏ జోకూ తట్టలేదు. ఆ గదిలో ఇంకెవరూ లేకపోయినా అక్క బాగా దగ్గరికి వచ్చింది, ఆ గుసగుస వినబడాలంటే అంత దగ్గరికి రావాలి.

"పైన వాయించమన్నాను కదే."

"అన్నావు."

"ఇన్నాళ్ళూ ఆ తీగలెక్కడ దాచావు?"

"దాచలేదక్కా. నీకు అందదని నేను వెళ్ళలేదు."

చెల్లెలికి భయం వేసింది, అనకూడని మాట అన్నానేమోనని, అదీ ఇలాంటప్పుడు. అక్క చెయ్యి చాచి పెట్టెలోని మాండలిన్ మీద, లావు తీగల మీద, ఒక్క వేలు ఆనించింది. అవి చిన్నగా మోగాయి.

"రేపు ఇంట్లో మళ్ళీ వాయించు" అంది. "నేను నోరు కదపను."